బడీ గుడీ ఒకటైన రోజులు

గుంటూరు, పల్నాడు, గోదావరి ప్రాంతాల లూథరన్ పల్లెల్లో ఒకప్పుడు పగలు బడి నడిచిన తాటాకు పాకలోనే రాత్రికి ప్రార్థన జరిగేది. పొద్దున పిల్లల చేత ఓనమాలు దిద్దించిన పంతులుగారే, కూలికి పోయినవాళ్లు తిరిగొచ్చి ఇంత తిన్నాక, లాంతరు పెట్టుకుని వాక్యం చదివి, దాని అర్థం నాలుగు మాటల్లో చెప్పి, మంచాన పడ్డవాళ్ల పేర్లు ఎత్తి ప్రార్థన చేసేవారు. పల్లెవాళ్లకు ఆయన పగలు పంతులుగారు, రాత్రి ఉపదేశిగారు. మనిషి ఒక్కరే, జీతం ఒక్కటే, పనులు రెండు. ఆ రెండు పనులూ కలిసిన మనిషి ఇవాళ మన పల్లెల్లో దాదాపు కనుమరుగైపోయారు. విశ్వాసానికీ నిత్యజీవితానికీ ఉన్న సంబంధం గురించి సంఘాల్లో ప్రసంగాలకు ఇప్పుడు కొరత లేదు. అయితే ఆ సంబంధాన్ని నిలబెట్టింది ప్రసంగం కాదనీ, వాక్యం చెప్పే మనిషి వినేవాళ్ల మధ్యే కాపురముండి, వాళ్ల పిల్లలకు చదువు చెప్పి, వాళ్ల కరువులో తానూ కరువు పడటమే దాన్ని నిలబెట్టిందనీ నా నమ్మకం. ఆ జీవన విధానం లోపాలు లేనిది కాదు. ఆ లోపాలన్నీ లెక్కలోకి తీసుకున్నా ఈ మాట నిలుస్తుందని చూపించడానికే ఈ వ్యాసం.

ఈ ఏర్పాటును ఎవరూ ముందుగా గీత గీసి కట్టలేదు. అవసరమే దాన్ని పుట్టించింది. జర్మనీలో పుట్టి అమెరికా లూథరన్ సంఘాల తరఫున వచ్చిన హయ్యర్ దొర 1842 జూలై 31న గుంటూరు చేరారు. నందన నామ సంవత్సరపు కరువు ఆ సీమను తుడిచిపెట్టి అప్పటికి పదేళ్లు. ఆయనను ఆదరించి అక్కడ నిలబెట్టినవాడు నాటి కలెక్టరు స్టోక్స్. దాదాపు అదే కాలంలో ఉత్తర జర్మనీ నుంచి వచ్చినవాళ్లు రాజమండ్రిలో పని మొదలుపెట్టి, కొన్నేళ్లకే దాన్ని అమెరికా లూథరన్లకు అప్పగించారు. గుంటూరులో ఒక పాదిరి, రాజమండ్రిలో ఒక పాదిరి, పల్నాట గురజాల వైపు మరొకరు. పల్లెలు మాత్రం వందల్లోకి పెరిగాయి. ముఖ్యంగా 1876–78 నాటి ధాత కరువు తర్వాతి దశాబ్దాల్లో మాల, మాదిగ పల్లెలు గుంపులు గుంపులుగా సంఘాల్లో చేరాయి. బాప్తిస్మం ఇవ్వడానికీ, ప్రభురాత్రి భోజనం పెట్టడానికీ పాస్టరుగారు ఎడ్లబండి మీద ఎప్పుడో ఒకసారి వచ్చేవారు. తక్కిన రోజులన్నీ ఉపదేశివే. పండుగలు పాస్టరుగారివైతే, మామూలు రోజుల భారం ఉపదేశిగారిది. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడి పరిపాలన మెల్లమెల్లగా తెలుగువారి చేతికి వచ్చే నాటికి ఈ పద్ధతి పల్లె సంఘాల వెన్నెముకగా ఉంది.

ఉపదేశిగారి చేతిలో ఉన్నవి బైబిలు, పాటల పుస్తకం, లూథర్ చిన్న ప్రశ్నోత్తరి. ఆ చిన్న పుస్తకం పుట్టుకకూ మన పల్లెల స్థితికీ దగ్గరి పోలిక ఉంది. 1528లో సాక్సనీ గ్రామాల సంఘాలను చూసి రావడానికి బయల్దేరిన లూథర్‌కు అక్కడి రైతుజనానికి విశ్వాసపు మొదటి పాఠాలు కూడా తెలియవనీ, చాలామంది బోధకులకే చెప్పడం చేతకాదనీ అర్థమైంది. ఆ బాధతోనే 1529లో ఆయన చిన్న ప్రశ్నోత్తరిని తెచ్చారు. దాని భాగాలు మొదట గోడకు తగిలించుకునే కాగితాలుగా అచ్చయ్యాయి. ఇంటి యజమాని తన ఇంటివాళ్లకు నేర్పుకోవాల్సిన పాఠంగా ఆయన దాన్ని రాశారు. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, సంస్కారాలు మాత్రమే కాకుండా, పొద్దున లేవగానే ఏమని ప్రార్థించాలి, అన్నం ముందు ఏమనుకోవాలి, పడుకునేటప్పుడు ఏం చెప్పుకోవాలి అన్నవి కూడా అందులో చేర్చారు. పొద్దుటి ప్రార్థన కాగానే సంతోషంగా పనికి పొమ్మంటారు. రాత్రి ప్రార్థన కాగానే నిశ్చింతగా నిద్రపొమ్మంటారు. అనుదినాహారం అడగడమంటే ఏమిటో వివరిస్తూ తిండి, బట్ట, చెప్పులు, ఇల్లు, పొలం, పశువులు, మంచి ప్రభుత్వం, అదనుకు వాన, నమ్మకమైన ఇరుగుపొరుగు అన్నిటినీ ఆ ఒక్క మనవి కిందికే తెచ్చారు. పూటకు గింజలు లేని పల్లెలో ఈ వివరణ విన్నవాళ్లకు అది తమ ఇంటి లెక్కే అనిపించి ఉంటుంది. చెప్పులూ పశువులూ వానా దేవుడితో మాట్లాడదగిన సంగతులేనని ఒక మత గ్రంథం చెప్పడం వాళ్లకు అందిన పెద్ద గౌరవం.

ఆ గౌరవం ఆచారాలుగా స్థిరపడింది. అన్నం వండే ముందు ఇల్లాలు ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం నాటికి పోగైన ఆ పిడికెడు బియ్యమే కానుక. రూపాయి చూడని ఇంట్లో కూడా ఇవ్వడానికి ఏదో ఒకటి ఉండేది. ఇచ్చే చెయ్యి రోజూ వంటింట్లోనే దాన్ని గుర్తు చేసుకునేది. కోతలయ్యాక వచ్చే పంట పండుగకు ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు, గుడ్లు సంఘం ముందుకు వచ్చేవి. వేలంపాటలో వాటిని మళ్లీ ఊరివాళ్లే పాడుకునేవారు. రాత్రి ప్రార్థనల్లో పాడుకున్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనలకు రాగమూ తాళమూ పుస్తకంలోనే రాసి ఉండేవి. చదువురాని అవ్వలు సైతం వాటిని గుండెల్లో పెట్టుకున్నారు. పురుషోత్తమ చౌదరిగారు లూథరన్ కాకపోయినా ఆయన కీర్తనలు లేని లూథరన్ ఆరాధన తెలుగునాట అరుదు. పంతులమ్మగారు ఆడపిల్లలకు కుట్టుపని, చదువు నేర్పేవారు. బైబిలు స్త్రీలు ఇంటింటికీ తిరిగి పురుటాళ్లనూ రోగులనూ పలకరించేవారు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఆసుపత్రి తెరిచాక, అక్కడి దాకా పోవడానికి భయపడే స్త్రీలకు ధైర్యం చెప్పవలసిన పని కూడా ఇలాంటివారి మీదే పడింది. ఇందులో దేన్నీ ఎవరూ ధ్యానమని పిలవలేదు. అయినా విశ్వాసం గురించి ఆలోచించడం అంటే అక్కడ ఇదే.

ఈ జీవన విధానం ఎంత లోతుగా నిత్యజీవితాన్ని తాకిందో ఆదివారపు సెలవు విషయంలో తేటగా కనిపిస్తుంది. పాలేరుకు, జీతగాడికి వారం అన్న మాటే లేదు. పనికి పొద్దు ఉంది గాని పనికి విడుపు లేదు. అలాంటి మనిషి ఆదివారం పనికి రానన్నప్పుడు, అదీ కోతల రోజుల్లో అన్నప్పుడు, ఆసామికీ పల్లెకూ గొడవలు వచ్చాయి. కూలి పోయింది, దెబ్బలు పడ్డాయి, పని మాన్పించిన సందర్భాలూ ఉన్నాయి. విశ్రాంతి దినపు ఆజ్ఞను వివరిస్తూ లూథర్ తన పెద్ద ప్రశ్నోత్తరిలో ఒక సూటి మాట చెప్పారు. ఆ రోజుకు స్వతహాగా పవిత్రత ఏమీ లేదు. వారమంతా ఒళ్లు వంచి పనిచేసే దాసదాసీజనానికి ఒంటికి అలుపు తీరాలి, వాక్యం వినడానికి తీరిక దొరకాలి, అందుకే ఆ రోజు అన్నది దాని సారాంశం. పదహారో శతాబ్దపు జర్మనీ పనిమనుషులను తలుచుకుని రాసిన ఆ వివరణ పల్నాటి పాలేరుకు అక్షరాలా సరిపోయింది. వారానికి ఒక రోజు తన ఒళ్లు తనదేనని చెప్పగలగడం కేవలం భక్తికి సంబంధించిన విషయం కాదు. కూలి చట్టాలు పల్లె దాకా రావడానికి చాలా ముందే ఒక ఆజ్ఞ ఆ హక్కును వాళ్ల నోట పలికించింది. దాన్ని పలికించిన ఉపదేశి కూడా ఆ గొడవల వేడి తగిలే పల్లెలోనే ఉన్నాడు కాబట్టే ఆ బోధ చెల్లింది. ఎక్కడో పట్నంలో కూర్చుని పనికి పోవద్దని చెప్పడం వేరు, మర్నాడు ఆసామి మనుషులు వచ్చినప్పుడు గడపలో నిలబడి ఉండటం వేరు.

కలిసి కాపురముండటం ఎందుకు అంత ముఖ్యమని అడగవచ్చు. దానికి కారణం బోధకుడి మీద అది పెట్టే అదుపు. దొంగిలించవద్దన్న ఆజ్ఞను వివరించే ఉపదేశి చేబదులు తీసుకుని తిరిగి ఇచ్చాడా లేదా అన్నది పల్లె మొత్తానికీ తెలుసు. భార్యను కొట్టవద్దని చెప్పేవాడి ఇంట్లోంచి ఏ శబ్దాలు వస్తాయో పక్క గుడిసెకు తెలుసు. అబద్ధపు సాక్ష్యం గురించి మాట్లాడేవాడు తగువు తీర్చేటప్పుడు ఎటు మొగ్గాడో అందరూ చూశారు. వినేవాళ్లు బోధకుణ్ణి ప్రతిరోజూ పరీక్షించగలిగిన చోట బోధ చిన్నదవుతుంది, నిజమవుతుంది, గొప్పలు తగ్గుతాయి. ఆయనకు కూడా వాళ్లు బాగా తెలుసు. ఎవరింట్లో పొయ్యి రాజలేదో, ఎవరి బిడ్డ బడి మాని పశువుల వెంట పోతున్నాడో, ఎవరు అప్పుకు బిడ్డను జీతానికి పెట్టారో తెలిసిన మనిషి చేసే ప్రార్థనలో సాధారణీకరణలకు చోటుండదు. లూథర్ 1522లో వివాహ జీవితం గురించి రాసినప్పుడు, పసిబిడ్డ గుడ్డలు ఉతికే తండ్రిని చూసి లోకం నవ్వినా ఆ పని విశ్వాసంతో చేస్తే దేవుడు సంతోషిస్తాడన్నారు. ఇంటి పనిలో, పొలం పనిలో దేవుడి పిలుపు ఉందన్న ఈ బోధే లూథరన్ ఆలోచనకు గుండెకాయ. ఆ బోధను అర్థవంతం చేయాలంటే ఆ పనులు ఎరిగినవాళ్లే చెప్పాలి.

ఈ మాటకు వచ్చే మొదటి అభ్యంతరం బలమైనది. ఇదంతా విదేశీ డబ్బు మీద నడిచింది కదా, ఉపదేశి మిషన్ కింద చిరుజీతపు ఉద్యోగే కదా, ఆయన స్వేచ్ఛ ఎంత అని అడుగుతారు. నిజమే. జీతం చాలీచాలనిది. ఎక్కడికి మార్చాలో, ఎవరిని తీసేయాలో నిర్ణయించే అధికారం చాలాకాలం దొరల బంగళాలోనే ఉంది. పల్లెవాళ్లు, ఉపదేశులు ఏమనుకున్నారన్నది మిషన్ నివేదికల్లో వాళ్ల గొంతులో కాకుండా పాదిరుల మాటల్లోనే ఎక్కువగా మిగిలింది. అయితే డబ్బు ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న, ఆ డబ్బు ఏ పని చేసిందన్న ప్రశ్నకు జవాబు కాజాలదు. జీతం చిన్నది కాబట్టి ఉపదేశి పల్లెవాళ్ల స్థాయిలోనే బతికాడు. పిడికెడు బియ్యం వల్ల తన ఉపదేశి పోషణలో పల్లెకు కూడా ఒక వాటా దక్కింది. అన్నిటికీ మించి, ఆ పల్లెల నుంచే చదువుకుని పైకి వచ్చినవాళ్లు తర్వాతి తరంలో ఉపదేశులై, పాస్టర్లై, గుంటూరు క్రైస్తవ కళాశాలలో చదివి ఉద్యోగస్తులై, చివరికి సంఘ పాలననే చేతుల్లోకి తీసుకున్నారు. పరాధీనత నీడలో మొదలైన ఏర్పాటు తనను దాటిపోయే మనుషులనే తయారుచేసింది.

రెండో అభ్యంతరం బట్టీ చదువు గురించి. ప్రశ్న, దానికి కంఠస్థమైన జవాబు. ఇందులో ఆలోచన ఎక్కడుందని అంటారు. ఈ విమర్శ చేసేవాళ్లు ఒక సంగతి గమనించాలి. చదువు నిషిద్ధమైన ఇళ్లలో పుట్టినవాళ్లకు పుస్తకం కొనుక్కునే స్తోమత లేదు, ఉంటే చదివే కళ్లు లేవు. వాళ్లకు జ్ఞాపకమే గ్రంథాలయం. కంఠతా వచ్చిన పాఠాన్ని ఎవరూ లాక్కోలేరు. పొలంలో నాటేస్తూ, బండి తోలుతూ, చంటిబిడ్డను ఊపుతూ దాన్ని మనసులో తిప్పుకోవచ్చు. పైగా ఆ బడి బట్టీ దగ్గర ఆగలేదు. వల్లెవేసిన పిల్లలకే అక్షరాలు వచ్చాయి, అక్షరాలు వచ్చినవాళ్లకు ప్రశ్నలు వచ్చాయి. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా గుంటూరు లూథరన్ మిషన్ శిక్షణ పాఠశాలలో పంతులుగా పనిచేశారు. ఆయన కవిత్వం ఏ మతం గీసిన గిరిలోనూ ఇమడలేదు. 1941లో వచ్చిన గబ్బిలం కులవ్యవస్థ ముఖం మీదే ప్రశ్న వేసింది. ఆయన ప్రతిభను మిషన్ ఖాతాలో వేయడం న్యాయం కాదు. కానీ పల్లెపిల్లలకు పలక పట్టించిన ఆ లోకం ప్రశ్నించే శక్తిని చంపేసిందన్న మాట మాత్రం ఆయన జీవితం ముందు నిలవదు.

అన్నిటికన్నా కఠినమైన అభ్యంతరం లూథర్ బోధ మీదే వస్తుంది. ఎవరి పని వాళ్లకు దేవుడిచ్చిన పిలుపే అయితే, పాలేరును పాలేరుగానే ఉండమని చెప్పడం కాదా? 1525 రైతు తిరుగుబాటు వేళ లూథర్ పాలకుల పక్షాన నిలిచి రైతుల మీద దారుణమైన మాటలు రాశారు. ఆ మచ్చను ఎవరూ చెరపలేరు, చెరపకూడదు కూడా. చిన్న ప్రశ్నోత్తరి చివర ఉన్న బాధ్యతల పట్టికలో సేవకులు యజమానులకు లోబడాలని ఉంది. దాన్ని మాత్రమే పట్టుకుని బోధించిన చోట అది సంకెళ్లకు దీవెన అయింది. అయితే అదే పట్టికలో యజమానులు బెదిరింపులు మానాలనీ, తమకూ ఒక యజమాని పైన ఉన్నాడనీ ఉంది. దొంగతనపు ఆజ్ఞను వివరిస్తూ లూథర్ చిల్లర దొంగలతో పాటు అంగట్లో మోసం చేసేవాళ్లనూ, దర్జాగా కుర్చీల్లో కూర్చుని జనాన్ని దోచే పెద్ద దొంగలనూ కడిగేశారు. ఈ రెండో సగాన్ని పల్లెలో వినిపించగలిగినప్పుడే పిలుపు అన్న బోధ విముక్తి బోధ అవుతుంది. మరొక సంగతి కూడా ఉంది. చేసే పనికి విలువ ఉందని చెప్పడమూ, ఆ పనిలోనే కట్టిపడేయడమూ ఒకటి కాదు. తోలు పని, చేను పని చేసే చేతులను అంటరానివన్న సమాజంలో ఆ పని దేవుడి ముందు తక్కువది కాదన్న మాట, కులం చెప్పిన లెక్కను తలకిందులు చేసింది. ఆ మాట చెప్పిన మనిషే ఆ పనివాడి కొడుక్కి పలక ఇచ్చి వేరే పనికి దారి కూడా చూపించాడు. బోధలో ఉన్న ప్రమాదాన్ని బడి సరిదిద్దింది. అందుకే ఆ రెండూ ఒకే చేతిలో ఉండటం అంత విలువైనది.

కులం విషయంలో మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. మాలపల్లెకు ఒక గుడి, మాదిగపల్లెకు ఒక గుడి అన్న ఏర్పాటు చాలాచోట్ల అలాగే కొనసాగింది. ఒకే ప్రశ్నోత్తరి చదివిన రెండు పల్లెల మధ్య పెళ్లిళ్లు కుదరలేదు. గుడి పదవుల పోటీలో కూడా ఆ గీత కనిపించింది. చచ్చిన పశువు మాంసం మానమని, జాతరలో డప్పు కొట్టవద్దని చెప్పిన బోధ వెట్టి నుంచి కొందరిని బయటపడేసింది గాని, ఆ డప్పుతో పాటు ఒక గొప్ప వాద్యకళను కూడా సిగ్గుపడాల్సిన వస్తువుగా చేసింది. ఈ నష్టం నిజమైనది. ఇటీవలి తరం క్రైస్తవ గాయకులు డప్పును తిరిగి ఆరాధనలోకి తెస్తుంటే సంతోషించాలి. పాత జీవన విధానాన్ని మెచ్చుకోవడమంటే దాని తప్పులను పండుగ చేసుకోవడం కాదు. దానిలో ఏది నిలుపుకోదగినదో విడదీసి చూడటం.

అది ఎలా అంతరించింది? ఒక్క కారణం చెప్పలేం. 1854 వుడ్ నివేదిక తర్వాత వచ్చిన సర్కారు గ్రాంటుల పద్ధతి మిషన్ బడులను పెంచింది, వాటితో పాటు తనిఖీలనూ, శిక్షణ పొందిన ఉపాధ్యాయుడే ఉండాలన్న నియమాన్నీ తెచ్చింది. ఉపాధ్యాయుడు క్రమంగా ప్రభుత్వ కొలతలకు లోబడిన ఉద్యోగి అయ్యాడు, బోధ వేరే మనిషి పని అయింది. స్వాతంత్ర్యం తర్వాత సర్కారు బడులు పల్లెల్లోకి వచ్చాయి. అది రావలసిన మేలే. విదేశీ నిధులు తగ్గాయి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవ దళితులకు షెడ్యూల్డు కులాల గుర్తింపు లేకుండా పోయింది. మన రాష్ట్రంలో వాళ్లను వెనుకబడిన తరగతుల సి గ్రూపులో చేర్చి ఒక్క శాతం రిజర్వేషనుతో సరిపెట్టారు. దాంతో ఎన్నో కుటుంబాలకు విశ్వాసం ఇంట్లో ఒకటి, కాగితాల మీద ఒకటి అయింది. తాము నమ్మినదాన్ని నిత్యజీవితంలో బాహాటంగా చెప్పుకోవడమే ఖరీదైన పని అయ్యింది. చదువుకున్న పిల్లలు గుంటూరుకు, హైదరాబాదుకు, అక్కడినుంచి విదేశాలకు వెళ్లారు. వేదాంత విద్య కూడా 1964లో వివిధ సంఘాల ఉమ్మడి కళాశాలగా రాజమండ్రి లూథర్‌గిరిలో రూపుకట్టి, ఆ తర్వాత హైదరాబాదు చేరింది. కలిసి చదువుకోవడం మంచిదే. కానీ పట్నంలో తర్ఫీదైన పాస్టరుగారికి ఒకేసారి అనేక పల్లెలు అప్పగించినప్పుడు ఏ పల్లెలోనూ ఆయన రాత్రి పడుకోలేని స్థితి వచ్చింది.

ఆ ఖాళీలోకి వచ్చింది పెద్ద సభల, టీవీ ప్రసంగాల, ఫోను వాక్యాల లోకం. దాన్ని తేలిగ్గా తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. ఒంటరితనంలో ఉన్న ఎందరికో అది ఓదార్పు. కానీ దాని చూపు ఎక్కువగా అసాధారణమైన సంఘటనల మీద ఉంటుంది: తగ్గని జబ్బు తగ్గడం, రాని వీసా రావడం, తీరని అప్పు తీరడం. జబ్బు తగ్గనివాళ్ల, వీసా రానివాళ్ల, అప్పు తీరనివాళ్ల రోజులకు అక్కడ భాష తక్కువ. లూథర్ ప్రశ్నోత్తరి ఇచ్చిందీ, ఉపదేశి మోసిందీ సరిగ్గా ఆ రోజుల భాషే. వాన, చెప్పులు, పొరుగువాడు, పసిబిడ్డ గుడ్డలు, ఆదివారపు అలుపు. అద్భుతం జరగని రోజుల్లో కూడా మనిషికి దేవుడితో మాట్లాడే పని ఉంటుందని చెప్పిన భాష అది.

తాటాకు పాకలను మళ్లీ కట్టుకోమని నేను అనడం లేదు. బడి ప్రభుత్వానిదే అవ్వాలి, పిల్లలు ఏ మతం ఒత్తిడీ లేకుండా చదువుకోవాలి, బోధకుడికి గౌరవమైన జీతం ఉండాలి. ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా ఒక పని సంఘాల చేతిలో మిగులుతుంది. పాస్టర్లకు పల్లెల సంఖ్య తగ్గించి, వాళ్లు సంఘంతో పాటే కాపురముండేలా చూడాలి. పాస్టరు లేని చోట, స్థానికంగా బతికే స్త్రీ పురుషులకు తర్ఫీదునిచ్చి ఇంటింటి పరామర్శ, చదువులో వెనకబడ్డ పిల్లలకు సాయం, రోగుల వెంట ఆసుపత్రికి వెళ్లడం వారికి అప్పగించాలి. కట్టడాల మీద, సభల మీద పెట్టే ఖర్చులో కొంత ఆ మనుషుల పోషణకు మళ్లించాలి. విశ్వాసం నిత్యజీవితంలోకి ఎలా రావాలన్న ప్రశ్నను మన పూర్వులు పుస్తకాల్లో తేల్చలేదు. చెప్పేవాడిని వినేవాళ్ల పక్కింట్లో పెట్టి తేల్చారు. ఆ జవాబు పాతబడలేదు. దాన్ని అమలు చేసే ఓపిక మనకు ఉండాలి, అంతే.